అంచు తెగిన మందుల చీటీ

మా సందులో నకళ్ల మీద బతికేవాళ్లం ఇద్దరమే. నేను కాగితాలకు నకళ్లు తీస్తాను. పక్క కొట్టులో తాళాల బాబాయ్ తాళంచెవులకు నకళ్లు చేస్తాడు. రెండు కొట్లూ ఒకే మెట్ల కింద ఇరికించినవి. ఎత్తు మనిషి ఎవరైనా నా కొట్లోకి వస్తే ముందు నెత్తికి బొప్పి కట్టించుకుని, ఆ తర్వాత "రెండు కాపీలమ్మా" అంటాడు. బాబాయ్ వైపు మెట్లు ఇంకా కిందికి దిగుతాయి. ఆయన పొట్టివాడు కాబట్టి సరిపోయింది. "ఈ కొట్టు నాకే దొరుకుతుందని పైవాడికి ముందే తెలుసే జిరాక్సమ్మా, కొలిచి మరీ చేశాడు నన్ను" అనేవాడు.

మా మధ్య ఉన్నది చెక్క గోడ. ఆయన ఆకురాయి పిడితో దాని మీద రెండు దెబ్బలు కొడితే టీ వచ్చిందని, మూడు కొడితే బయటికి పోతున్నాను కొట్టు చూడమని. పదహారేళ్లలో మేమిద్దరం ఒకరికొకరం ఫోన్ చేసుకున్నది లేదు. ఆయన ఫోన్ ఎప్పుడూ సొరుగులో పాత తాళాల కింద పడి ఉండేది.

ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయన మొండితనం గురించి చెప్పాలి. తాళం కంటితో చూడనిదే తాళంచెవి చేసేవాడు కాదు. "తాళం తలుపుకే బిగించి ఉందండీ, ఎలా తెమ్మంటారు?" అంటే, "అయితే నేనే వస్తా పదండి" అని సంచీ భుజాన వేసుకునేవాడు. బేరాలు పోయినా అంతే. ఒకసారి టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి వాదనకు దిగాడు. కంపెనీ అదేనట, నంబరూ అదేనట, పక్కింటివాళ్ల తాళంచెవి తెచ్చాడట, దానికి నకలు చేసిస్తే చాలట.

"కంపెనీ ఒకటే, నంబరు ఒకటే, నిజమే బాబూ" అన్నాడు బాబాయ్. "మీ తాళం ఎన్నాళ్లది?"

"ఇరవై ఏళ్లయింది."

"వాళ్లది?"

"మొన్న పెట్టించారు."

"మరి ఇరవై ఏళ్లు తిరిగిన తాళంలో పిన్నులు అరిగిపోయి ఉంటాయి కదా. కొత్తదాని చెవి అందులో దూరుతుంది, తిరగదు. బలవంతంగా తిప్పితే లోపలే విరుగుతుంది."

ఆ పెద్దమనిషి విసురుగా వెళ్లిపోయి ఇంకెక్కడో చేయించుకున్నాడు. సాయంత్రానికి విరిగిన ముక్క ఇరుక్కున్న తాళాన్ని తలుపు నుంచి ఊడదీయించి పట్టుకొచ్చాడు. బాబాయ్ అతని ముందు మూతి బిగించుకుని ముక్క తీసిచ్చాడు. అతను మలుపు తిరిగాక గోడ మీద రెండు దెబ్బలు కొట్టి, టీ తాగుతూ పడీ పడీ నవ్వాడు.

నకలు చేశాక ఆయన చూసుకునే పద్ధతి ఒకటుండేది. అసలుదాని మీద నకలును పెట్టి, రెండింటినీ వేళ్ల మధ్య నొక్కి పట్టి, బల్బుకు ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. ఒకదాని పళ్ల వెనుక నుంచి రెండోదాని పళ్లు తొంగిచూస్తే అది నకలు కాదు. మళ్లీ వైస్‌లో బిగించి ఆకురాయి అందుకోవాల్సిందే.

ఆయనకు ఒక్కతే కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. మేమంతా చిట్టి అంటాం. పెద్దాసుపత్రి ల్యాబులో రక్తంలోని కణాలను లెక్కపెట్టే మిషను మీద పనిచేస్తుంది. ఆ పక్కనే చిన్న గదిలో ఉంటూ ఆదివారం ఆదివారం ఇంటికి వస్తుంది. ఇరవై ఏడేళ్ల వయసులో ఆ పిల్లకు పొద్దున్నే వేళ్లు వాచి, తెల్లకోటు బొత్తాలు పెట్టుకోలేని స్థితి వచ్చింది. రుమటాయిడ్ అన్నారు. అంటే మనల్ని కాపాడాల్సిన రక్తకణాలే తిరగబడి మన కీళ్లను కొరకడం. అది ముసలివాళ్ల రోగం కదా, ఈ వయసులో నీకెలా వచ్చిందని అడగని మనిషి లేడు. పాపం పొద్దస్తమానం అదే మాట విని విని ఆ పిల్లకు ఒళ్లు మండిపోయి ఉంటుంది. ఒక మధ్యాహ్నం బాబాయ్ కొట్లో నిలబడి అనేసింది.

"ఇది నీ రక్తమే నాన్నా. అమ్మవైపు ఎవ్వరికీ లేదు. నీ నుంచే వచ్చింది నాకు."

చెక్క గోడ కాబట్టి నాకు ప్రతి ముక్కా వినబడింది. ఆకురాయి చప్పుడు ఆగిపోయింది. అంతసేపు అది ఆగడం నేనెన్నడూ వినలేదు. చిట్టి మర్నాడే మామూలైపోయింది, మందులు పడ్డాయి, వేళ్లు మాట వినసాగాయి, ఏడేళ్లు గడిచాయి. ఆ మాటను ఆమె మరిచిపోయింది. బాబాయ్ మరిచిపోలేదు.

ఈ ఏడాది మొదట్లో ఒక ఉదయం నేను వచ్చేసరికి ఆయన తన షట్టర్ ముందు చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంటి బాబాయ్, షట్టర్‌తో మాటల్లేవా?"

"ఎత్తలేకపోతున్నానే" అన్నాడు.

నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను. ముందు రోజు సాయంత్రం ఒంటి చేత్తో దించిన షట్టర్ అది. ఇప్పుడు భుజాలు బిగుసుకుపోయి చెయ్యి నడుము ఎత్తు దాటడం లేదు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. అరవై ఆరేళ్లకు ముసలితనం రావడం వింత కాదు గానీ, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య వచ్చేస్తుందా? షట్టర్ నేనే ఎత్తాను. వారం తిరిగేసరికి మణికట్లు కూడా వాచాయి. చిట్టి ఆసుపత్రికి వెళ్దామంటే ససేమిరా అన్నాడు. రెండు బస్సులు మారి, ఎవరూ ఎరగని క్లినిక్‌కి వెళ్లొచ్చాడు. వచ్చి తన కొట్లోకి పోకుండా నా స్టూలు మీద కూలబడ్డాడు.

"అదేనట" అన్నాడు.

"ఏది?"

"చిట్టికున్నదే."

ఏడేళ్ల కింద ముసలివాళ్ల రోగం చిన్నపిల్లకు వచ్చిందని ముక్కున వేలేసుకున్నదాన్ని, ఇప్పుడు కూతురి రోగం తండ్రికి వచ్చిందా అని వేలేసుకున్నాను.

"చిట్టికి చెప్పావంటే నీ గడప తొక్కను" అన్నాడు.

"చెబితే ఏమవుతుంది బాబాయ్? మందులు తనే తెచ్చిస్తుంది కదా."

"ఆ రోజు తనన్నది నిజమని తేలిపోతుందే. నా రక్తంలో ఉన్నట్టేగా. నేనే ఇచ్చినట్టేగా."

సరేనన్నాను. ఆ సరే అన్నందుకు ఈనాటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

క్లినిక్‌లో ఆయన రక్తం రెండు సీసాల్లో తీశారట. ఒకటి మామూలు పరీక్షలకు. రెండోది ఏదో పరిశోధనకు, నెల తర్వాత మళ్లీ ఇస్తానని సంతకం పెట్టించుకున్నారు. నర్సమ్మ మర్యాదగా అడిగిందని పెట్టేశాడు. కిడ్నీ, లివర్ రిపోర్టులు చూసి గాని మందు మొదలుపెట్టననీ, గురువారం రమ్మనీ డాక్టరు చెప్పాడు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అని కూడా అడిగాడు. "లేదండీ" అన్నాడట ఈయన. ఆ అబద్ధమే ఆయన్ను పట్టుకుంది. మళ్లీ వెళ్తే ఇంట్లోవాళ్లను తీసుకురమ్మంటారేమోనని గురువారం వెళ్లలేదు.

ఆ ఆదివారం కాగితం ఒకటి పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. చిట్టి మందుల చీటీ.

"తొందరగా కానియ్. స్నానానికి వెళ్లింది, బ్యాగులోంచి తీశాను. వచ్చేలోగా మళ్లీ పెట్టేయాలి."

"ఇది నీకెందుకు బాబాయ్?"

"జబ్బు ఒకటే, మందు ఒకటే. అసలుది ఇంట్లోనే ఉండగా మళ్లీ ఆ డాక్టరు చుట్టూ తిరగడం దేనికి?"

ఎదుట ఉన్నది ఎవరు? తాళం చూడనిదే తాళంచెవి చేయని మనిషి. ఆ మాట నా నోటి చివరిదాకా రావాలి. రాలేదు. పైగా, "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఉంటుంది, చూసుకో" అని వేళాకోళం ఆడుతూ మూత వేసి బొత్తం నొక్కాను. కాగితం ఎలా పెట్టానో చూసుకోలేదు. నకలు బయటికి వచ్చింది, ఆయన మడిచి జేబులో పెట్టుకుని పరుగెత్తాడు. అప్పటికి అదొక నవ్వులాటలాగే ఉంది.

మందుల షాపులో "ఇది ఎలా వేసుకోవాలో తెలుసు కదా" అని అడిగారట. "మా ఇంట్లో ఏడేళ్లుగా వాడుతున్నాం" అని గొప్పగా చెప్పాడట. చిన్న పసుప్పచ్చ మాత్ర. రోజూ పొద్దున టీకి ముందు నా ఎదుటే నోట్లో వేసుకునేవాడు. పది రోజులు తిరక్కుండానే ఒక పొద్దున తన షట్టర్ తనే ఎత్తి, "చూశావా" అన్నాడు. నేను నిజంగానే చప్పట్లు కొట్టాను. ఎవరైనా చూస్తే నవ్విపోయేవాళ్లు.

తర్వాత నాలుగు రోజులకు నోట్లో పుళ్లు మొదలయ్యాయి. "ఒంట్లో వేడి చేసింది" అన్నాడు. చల్లని పాలు కూడా మండుతున్నాయన్నాడు. వైస్ పిడి మోచేతికి కాస్త తగిలిందంతే, అరచెయ్యంత మేర నల్లగా కమిలింది. పళ్లు తోముకుంటే రక్తం. గోడ మీద దెబ్బలు కూడా నీరసంగా వినబడేవి, రెండో మూడో లెక్క తెలిసేది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లమని నేను, నొప్పులు తగ్గాయి కదా మందు పనిచేస్తోందని ఆయన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చిట్టికి ఆసుపత్రిలో పని ఎక్కువై రెండు ఆదివారాలు రాలేదు. నా ఫోన్‌కి చేసి, గొంతు ముద్దగా వస్తోందేమిటని అడిగితే పన్ను నొప్పి అని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను, నోరు మూసుకున్నాను.

నెల నిండాక క్లినిక్ నర్సమ్మ ఫోన్ చేసింది, పరిశోధనకు రెండోసారి రక్తం ఇవ్వాలని. ఎలా దొరికిందో ఆ రోజు ఆ ఫోన్ ఆయన చేతికి. ఒళ్లు కాలిపోతున్నా మాటిచ్చానని బస్సెక్కి వెళ్లాడు. డాక్టరుగారు వచ్చేదాకా కూర్చోమంటే, కొట్టు దగ్గర మనిషి ఎదురుచూస్తున్నాడని చెప్పి వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం ల్యాబులో జరిగింది నేను చూడలేదు. చిట్టి తర్వాత చెప్పిందే.

ఆ పరిశోధన ఆ పిల్ల మిషను మీదే జరుగుతోంది, ఆ క్లినిక్ సీసాలు కూడా అక్కడికే వస్తాయి. రుమటాయిడ్ చిన్న వయసులో మొదలైనవాళ్ల రక్తకణాలు ఎలా ఉన్నాయి, అరవై దాటాక మొదలైనవాళ్లవి ఎలా ఉన్నాయి, తేడా ఏమిటి అని చూడటం. సీసాల మీద పేర్లుండవు. ముందువాళ్లకు నీలం చుక్క, వెనకవాళ్లకు ఎర్ర చుక్క, పక్కన ఒక నంబరు. చిట్టి కూడా తన రక్తం ఇచ్చింది. తనది నీలం చుక్క, మూడు. కణాలు మిషన్‌లో ఒక్కొక్కటే వరసగా వెలుగు ముందు నుంచి పోతాయట, తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్కై, ఏ జాతివి ఆ జాతి గుంపులుగా చేరతాయట.

ఎర్ర చుక్క పదిహేడు ఆమెకు బాగా గుర్తుంది. నెల కింద ఆ సీసా పెట్టినప్పుడు తెర చూసి పెద్ద డాక్టరమ్మను పిలిచి మరీ చూపించింది. కొత్త కణాలు కాసినే, ఏళ్ల తరబడి పనిచేసి అరిగిపోయిన కణాల గుంపు మాత్రం ఇంత లావు. అరవై దాటాక జబ్బు మొదలైనవాళ్ల రక్తం ఇలా ఉంటుందేమోనని వాళ్లు అనుకుంటున్నదానికి అచ్చంగా సరిపోయింది. ఈ మధ్యాహ్నం అదే పదిహేడు రెండోసారి వచ్చింది. పెట్టింది. తెర ఖాళీగా ఉంది.

అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. మిషన్‌ని తిట్టింది. గొట్టం మూసుకుపోయిందేమోనని కడిగి మళ్లీ పెట్టింది. అంతే. ఇంకొకరి సీసా పెడితే తెర నిండా గుంపులు. పదిహేడు పెడితే ఖాళీ. చివరికి గాజుపలక మీద రక్తపు బొట్టు పూసి తన కళ్లతో చూసింది. తెల్లకణాలు నిజంగానే లేవు. అన్నేళ్ల సర్వీసులో అలాంటి రక్తం చూడలేదట.

"డాక్టర్, ఈ మనిషి ఎవరో గాని, పక్కనున్నవాడు తుమ్మినా చాలు పోతాడు. ఇప్పుడే తీసుకురావాలి" అంది.

డాక్టరమ్మ క్లినిక్‌కి ఫోన్ చేసి వివరాలు తీసుకుంది. ఆ మనిషి ఫోన్ ఎత్తడం లేదు. ఎలా ఎత్తుతాడు, అది తాళాల కింద ఉంటే! ఆవిడ అంబులెన్సువాళ్లకు చిరునామా గట్టిగా చదువుతోంది. "పాత సినిమా హాలు వెనక సందు. మెట్ల కింద తాళాలు బాగుచేసే కొట్టు."

"మళ్లీ చెప్పండి" అంది చిట్టి.

మళ్లీ చెప్పింది. చిట్టి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. చేతిలో ఉన్న సీసాను మాత్రం వదల్లేదట. అది ఎవరి రక్తమో ఆమెకు అప్పుడే తెలిసింది.

మా సందులోకి అంబులెన్సు దూరదు. తెల్లకోటుతో, మూతికి మాస్కుతో చిట్టి పరుగెత్తుకుంటూ రావడం నేను నా కౌంటర్ నుంచి చూశాను. బాబాయ్ జ్వరంతో ఊగుతూనే వైస్ మీదికి వంగి పని చేస్తున్నాడు. కూతుర్ని చూడగానే వాచిన చేతులు రెండూ బల్ల కింద దాచేశాడు.

"ఏంటమ్మా, ఈ వేళప్పుడు వచ్చావ్?"

"ఏం మందులు వేసుకుంటున్నావ్ నాన్నా?"

"నాకెందుకమ్మా మందులు?"

"నోరు తెరువు."

చంటిపిల్లాడిలా తెరిచాడు. చిట్టి ఒక అడుగు వెనక్కి వేసింది. దాని భుజం మీదుగా నేనూ చూశాను. నోరంతా పచ్చి పుండు. రోజూ పక్కన కూర్చుని టీ తాగిన మనిషి నోరు అది!

ఇక దాచడం నా వల్ల కాలేదు. "నీ మందులే చిట్టీ. నీ చీటీ చూసి కొనుక్కున్నాడు" అన్నాను. బాబాయ్ నా వైపు ఉరిమి చూశాడు. నేనే సొరుగు లాగి, తాళాల కింద నుంచి ఆ నకలు తీసి చిట్టి చేతిలో పెట్టాను.

"రోజూ వేసుకున్నావా?" అని అడిగింది.

"రోజుకొకటి. అందులో ఉన్నట్టే."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు వారాలు దాటింది" అన్నాను నేను.

"నాన్నా, అది వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర!"

బ్యాగులోంచి తన చీటీ తీసి నకలు పక్కన బల్ల మీద పరిచింది. అసలు కాగితంలో మాత్ర పేరు, పొద్దున ఒకటి అన్నదాని తర్వాత, కుడివైపు అంచును ఆనుకుని డాక్టరు చేతిరాత. *వారానికి ఒక్క రోజు మాత్రమే. మిగతా రోజుల్లో వేసుకోకూడదు.* కింద రెండు గీతలు. నకలులో ఆ చోట తెల్లని కాగితం. ఒక్క అక్షరం లేదు. నా మిషన్ మీద, నా చేత్తో, వంకరగా పెట్టి నేను తెగ్గొట్టిన అంచు అది.

స్ట్రెచర్ వచ్చింది, ఆయన్ను ఎక్కించారు, ఎవరో నన్ను పక్కకు జరగమన్నారు. వైస్‌లో సగం పళ్లు తీసిన తాళంచెవి అలాగే బిగించి ఉంది. దాని వంక చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. షట్టర్లు రెండూ దించి ఆసుపత్రికి వెళ్లాను.

ఆయన్ను ఎవరూ తాకడానికి లేని గదిలో, అద్దం వెనక ఉంచారు. విరుగుడు మందు ఎక్కిస్తున్నారు. ఇన్నాళ్లూ మాత్ర వల్ల లోపల కొత్త కణాల పుట్టుకే ఆగిపోయిందట. పుడతాయా అని అడిగితే "చూడాలి" అన్నారు. నాలుగో రోజు జ్వరం ఇంకా పెరిగింది, మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. చేతులు గాలిలో ఏదో పట్టుకుని రాస్తున్నట్టు కదులుతుండేవి. ఆకురాయి. ఆ రోజు "చూడాలి" అని కూడా అనలేదు వాళ్లు. బతుకుతాడన్న ఆశ నాకు ఆ ఒక్క రోజు పూర్తిగా పోయింది.

భయం ఎక్కువైతే నాకు కోపం వస్తుంది. అద్దం ఇవతల నిలబడి ఆయన్ను తిట్టాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊరందరికీ చెప్పిన నీతి నీకు పనికిరాలేదా అని తిట్టాను. అటుగా వచ్చిన పెద్ద డాక్టరమ్మ విని ఆగింది. ఆవిడనే నిలదీశాను.

"జబ్బు ఒకటే కదా డాక్టరమ్మా, మరి ఆ పిల్లను నిలబెట్టిన మందు ఈయన్నెందుకు పడగొట్టింది?"

"రోజూ వేసుకుంటే ఆ అమ్మాయినైనా పడగొట్టేదే" అంది ఆవిడ. "వారానికోసారి వేసుకున్నా, ఈయన కిడ్నీలు చూడకుండా ఆ మోతాదు నేనిచ్చేదాన్ని కాదు. జబ్బు పేరు ఒకటేనమ్మా. లోపల నడిచే పోరు ఒకటి కాదు. ఆ అమ్మాయికి వచ్చిన వయసులో ఒంట్లో కొత్త కణాలు బోలెడు. వాటిలో కొన్ని దారి తప్పి వేళ్ల మీద పడ్డాయి, మెల్లగా. ఈయన వయసులో కొత్తవి పుట్టడమే తక్కువ. పాతవే అరిగి, ఎక్కడ ఆగాలో మరిచిపోయి, ప్రమాదం ప్రమాదం అని ఒళ్లంతా కేకలు పెడుతున్నట్టుంటాయి. భుజాలు ఒక్కసారిగా పట్టేయడం అలాంటిదే కావచ్చు. ఇదంతా కొద్దిమంది రక్తం చూసి మేం అనుకుంటున్నది. ఇంకా తేలాలి."

"మరి ఆయన నుంచే ఆ పిల్లకు వచ్చిందా?"

"అది ఈ లెక్కలతో తేలేది కాదు" అంది. "ఇచ్చాడనీ చెప్పలేను, ఇవ్వలేదనీ చెప్పలేను." చిట్టి పక్కనే నిలబడి అంతా వింది.

కొత్త తాళం, పాత తాళం. కంపెనీ ఒకటే, నంబరు ఒకటే. డాక్టరమ్మ వెళ్లాక కూడా నా చెవుల్లో బాబాయ్ గొంతే వినిపించింది. ఇంత తెలిసిన మనిషి! నేనైనా గుర్తుచేయాల్సింది.

ఆరో రోజు జ్వరం ఒక మెట్టు దిగింది. మర్నాడు చిట్టి తన మిషన్ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి, "పుడుతున్నాయక్కా, కొత్తవి పుడుతున్నాయి" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, ఇన్నాళ్లూ గొంతులో పెట్టుకున్నది కక్కేశాను. "చిట్టీ, ఆ అంచు తెగ్గొట్టింది నేనే. కాగితం సరిగ్గా పెట్టలేదు."

చిట్టి కళ్లు తుడుచుకుంది. "నాన్న వేరేగా చెప్పాడే. తెలివి రాగానే, రక్తం తీయడానికి నేను లోపలికి వెళ్తే అదే చెప్పాడు. తొందరలో తనే అంచు మడిచి నీకిచ్చాడట. జిరాక్సమ్మను ఏమీ అనకు అన్నాడు."

ఆ చీటీ చిట్టి బ్యాగులోనే ఉంది. ఆ అంచున మడత ఆనవాలైనా లేదు. కాగితాలతో బతికేదాన్ని, నాకు తెలుసు. వారం వారం ఆ చీటీ తెరిచి చూసుకునే పిల్ల, దానికీ తెలుసు. చీటీ లోపలే ఉంచి బ్యాగు జిప్పు లాగేసింది.

తొమ్మిదో రోజు మాస్కులు కట్టుకుని లోపలికి వెళ్లనిచ్చారు. సగమైపోయాడు మనిషి. పెదాలు పొలుసులు పొలుసులుగా ఉన్నాయి గాని మాట వస్తోంది. డాక్టరమ్మ మంచం కాళ్ల దగ్గర నిలబడి ఏదో రాసుకుంటోంది. చిట్టి రెండు కాగితాలు తెచ్చింది. ఒకటి నీలం చుక్క మూడు, రెండోది నెల కిందటి ఎర్ర చుక్క పదిహేడు. రెండింటి మీదా మిషన్ గీసిన గీతలు, ఎత్తు పల్లాలుగా.

"ఇది నాది నాన్నా. ఇది నీది."

బాబాయ్ అర్థం కానట్టు చూశాడు. తర్వాత మెల్లగా, వాచిన చేతులతో రెండు కాగితాలూ తీసుకున్నాడు. ఒకదాని మీద ఒకటి పెట్టాడు. అంచులు కలిపి, వేళ్ల మధ్య నొక్కి పట్టి, కిటికీ వెలుతురుకు ఎదురుగా ఎత్తాడు. చేతులు భుజాల దాకా కూడా లేవలేదు, మెడే వంచాడు. ఒక కన్ను మూశాడు. పదహారేళ్లుగా చూస్తున్న చూపే అది.

చాలాసేపు చూశాడు.

"పళ్లు కలవలేదు" అన్నాడు. "ఇది దీనికి నకలు కాదు."

డాక్టరమ్మ ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. చిట్టి ముఖం చూసి మూసుకుంది.

"అయితే నేనివ్వలేదన్నమాట" అన్నాడు బాబాయ్. ఏడేళ్లు మోసిన మాట అంత చిన్న గొంతుతో వచ్చింది.

"నువ్వివ్వలేదు నాన్నా" అంది చిట్టి. ఆయన చేతిని పట్టుకుంది. ఇద్దరి వేళ్లకూ గట్టిగా పట్టుకునే శక్తి లేదు, ఊరికే ఆనించుకుని ఉన్నారు.

కాసేపటికి ఆయన తల తిప్పి నా కోసం వెతికాడు. తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను, ఇంకా ముఖం చూపించే ధైర్యం లేక. ఆ రెండు కాగితాలూ నా వైపు చాచాడు.

"జిరాక్సమ్మా, వీటికి తలా ఒక కాపీ తియ్యి" అన్నాడు. "అంచులు చూసి పెట్టు."